ముందే రాసిన స్తోత్రాలు

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నీలం అట్ట, లోపల గీతల కాగితాలు. ఒక మూల చెదలు తిన్నాయి, ఎందుకో మిగతాది వదిలేశాయి. రాసింది నేనే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఒకటో తరగతి పిల్లలకు పలక మీద దిద్దించేటట్టు అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా ఉంటాయి. దేవుడికి కృతజ్ఞతగా రోజుకు మూడు స్తోత్రాల చొప్పున ఏడు నెలలు రాశాను. అందులో రెండు అబద్ధాలు. రాసేటప్పుడు అవి అబద్ధాలని నాకు తోచలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ఆదోని. స్టేషను అవతల, జిన్ను ఫ్యాక్టరీల వెనక ఒక్క గది మట్టిమిద్దె మా ఇల్లు. నేను నడక నేర్చేలోపే నాన్న పోయాడు. అమ్మ జిన్నులో పత్తి ఏరేది. గింజ తీసే మిషన్లో వేసేముందు పత్తిలో ఉండే ఆకూ పుల్లా ఏరి పారెయ్యడం అక్కడ ఆడవాళ్ళ పని. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ తల మీద, కనుబొమల మీద తెల్లగా నుసి ఉండేది. పొద్దున పోయిన అమ్మ సాయంత్రానికి ముసలిదై వచ్చిందని చిన్నప్పుడు ఏడ్చేదాన్నట. ఆ నుసి పీలుస్తూనే నన్ను క్రైస్తవ మిషనరీల హాస్టల్లో పెట్టి చదివించింది. ట్రైనింగు పాసైన తర్వాత నాకు ఎమ్మిగనూరు బడిలో ఉద్యోగం ఇచ్చారు.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య దూరం గురించి ఇప్పుడు చెబితే నవ్వుతారు. అప్పుడు రోజుకు రెండు బస్సులని పేరు, ఒకటి వస్తే గొప్ప. బడికంతా నేనొక్కదాన్నే టీచర్ని. శనివారం ఒంటిపూట బడి, ఆదివారం గుడి గంట కొట్టడం దగ్గర్నుంచి పిల్లలకు సండేస్కూలు చెప్పడం దాకా నా పనే. సెలవులు వస్తే తప్ప అమ్మ మొహం చూసేది లేదు. నా దగ్గరికి వచ్చెయ్యమని అమ్మను ఎన్నిసార్లు అడిగానో.

"జిన్ను ఇడిసిపెట్టి ఆడికొచ్చి నేనేం జెయ్యల్ల పాపా? ఒగ సీజను పోకపోతే మేస్త్రీ నా పేరు కొట్టేస్తాడు. నువ్వే ఈడికి రా. ఈడ మన ఆడపిల్లల బడి లేదా యేమి?" అనేది అమ్మ.

ఎమ్మిగనూరులో మా బడి ఊరి చివర, మావాళ్ళ పేటలో ఉండేది. ఆరు రోజులు బడి, ఆదివారం అదే గుడి. దాన్ని ఆనుకుని ఒక గది, అందులో నేను. పేటలో అందరూ కూలికి పోయేవాళ్ళు. నేనూ వాళ్ళలో పుట్టినదాన్నే. కానీ కాళ్ళకు చెప్పులు, చేతిలో పుస్తకాలతో వచ్చాను కదా, నేను ఎదురైతే ఆడవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఎవరింటికైనా పోతే నవ్వుకుంటున్నవాళ్ళు నవ్వు ఆపేసేవాళ్ళు. నాకు పీట వేసి వాళ్ళు నిలబడే ఉండేవాళ్ళు. అటు మగ్గాల వీధిలో నా పుట్టుక ఏమిటో అందరికీ తెలుసు, అక్కడ నన్ను అరుగు మీద కూడా కూర్చోనిచ్చేవాళ్ళు కారు. ఒకచోట గౌరవం, ఒకచోట మైల, మధ్యలో నేను. నాలుగున్నరకు పిల్లలు వెళ్ళిపోతే మర్నాడు పొద్దున దాకా నాతో మాట్లాడే మనిషి లేదు. మగ్గాల చప్పుడు మాత్రం దీపాలు పెట్టేవేళ దాకా వినిపించేది. అది ఆగిపోతుందేమోనని భయపడుతూ వినేదాన్ని.

బడికి నీళ్ళు మోసే ముసలమ్మ ఒకతె ఉండేది. ఆమె ఒక్కతే నన్ను చూసి లేచేది కాదు, మోకాళ్ళ నొప్పుల వల్ల. కుండ దించి గడప మీద కూలబడి ఆకూ వక్కా వేసుకునేది. ఆ కాసేపే నాకు తోడు.

మా బడులన్నిటినీ చూసుకునే దొరసాని ఒకామె ఆదోనిలో ఉండేది, నెలలో ఎక్కువ రోజులు ఊళ్ళ మీదే. ఎండకు ఆమె ముక్కు ఎర్రబడి తోలు ఊడుతుండేది. తెలుగు చాలా బాగా నేర్చుకుంది గానీ బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకుంది. అందువల్ల వంకాయలు బేరం చేసినా అదే భాష. ఆ ఏడు జూన్‌లో టీచర్లందరినీ పిలిచి మనిషికొక నీలం అట్ట పుస్తకం ఇచ్చింది.

"ప్రతి దినమును ప్రభువు మీకు చేసిన మూడు ఉపకారములు వ్రాయుడి. సణుగు వ్రాయవద్దు. సణుగువాని హృదయము ఎండిపోవును. మూడు మాసములకొకసారి నేను వచ్చి చూచెదను" అంది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. సణుగు తీసేస్తే నా దగ్గర ఇంకేం మిగులుతుందని బస్సులో దారంతా సణుక్కున్నాను. మొదటి రోజు రాసింది చదివితే ఇప్పుడు సిగ్గేస్తుంది. "బస్సు దొరికింది. కొర్రన్నం మాడలేదు. తేలు కనబడలేదు." తేలు కనబడనందుకు ఆ నెలలోనే ఐదుసార్లు స్తోత్రం చెప్పాను. మూడోది దొరకనప్పుడల్లా తేలే దిక్కు.

కానీ నిజం చెప్పాలి, ఆ పుస్తకం నాకు మేలే చేసింది. సాయంత్రం దాన్ని తెరిచి కూర్చుంటే, ఆ రోజంతా ఎవరో ఒకరు నాకోసం ఏదో దాచిపెట్టినట్టు, నేను వెతుక్కోవాలన్నట్టు ఉండేది. పలక మీద తన పేరు తప్పు లేకుండా రాసి, అది తన పేరేనని నమ్మలేక నా మొహం చూసిన పిల్ల. కిటికీలోంచి వచ్చిన వాన వాసన. ముసలమ్మ కొంగున కట్టి తెచ్చిన గుప్పెడు బొరుగులు, వాటితో నేను చేసుకున్న ఒగ్గాని. అది తింటుంటే ఆదోని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అయినా స్తోత్రమే రాశాను. ఏడుపు రాయడానికి గీతలు లేవు కదా.

"దేవునికి సెవులు లేవా యేమి పంతులమ్మా? నోటితో సెప్తే సాలదా? రాసి సూపియ్యల్లనా?" అని ముసలమ్మ ఎగతాళి చేసేది.

"దొరసాని చూస్తుంది అవ్వా" అనేదాన్ని.

"అట్ల సెప్పు మరి. దేవునికి కాదు, దొరసానికి రాస్తాండావు" అనేది. నేను నవ్వేదాన్ని.

శ్రావణంలో ముసలమ్మ అల్లుడు ఆదోనికి బండి తోలుకుపోయి వచ్చి, అమ్మ దగ్గుతోందని చెప్పాడు. అది దుమ్ము దగ్గు, ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను. తర్వాత నాలుగు రోజులు సెలవు వస్తే వెళ్ళి చూశాను. అమ్మ మాట పూర్తి చేసేలోపు రెండుసార్లు ఆగుతోంది. పని లేని కాలం, జిన్నులు మూసి ఉన్నాయి, అయినా దగ్గు తగ్గలేదు. ధర్మాసుపత్రిలో సీసా మందు ఇచ్చారట. ఆ సీసాను గూట్లో పెట్టి దాని పక్కన మోకరించింది. నన్నూ పక్కన కూర్చోమంది.

"తండ్రీ, నా దగ్గు తీసేసినావు, నీకు స్తోత్రం. నా బిడ్డను ఆదోనికి తెచ్చినావు, నీకు స్తోత్రం" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

మా సంఘంలో అదొక వాడుక. అడిగినదాన్ని అడిగినట్టు అనకూడదు, దొరికిపోయినట్టే అనాలి. ముందే కృతజ్ఞత చెప్పాలి. అదే నమ్మకం. ఎండకు నేల బీటలు వారి ఉన్నప్పుడు మా ఆడవాళ్ళు గుడిలో నిలబడి "వాన కురిపించినావు, స్తోత్రం" అనేవాళ్ళు. పిల్లవాడు జ్వరంతో ఒళ్ళో మూలుగుతుంటే "జ్వరం దించినావు, స్తోత్రం" అనేవాళ్ళు. విన్నవాళ్ళెవరూ పొరబడేవాళ్ళు కారు. ఎండా కనబడుతోంది, పిల్లవాడూ కనబడుతున్నాడు.

అమ్మ దగ్గు చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మ నా నెత్తిన ఒకటి వేసింది. "నవ్వద్దు. నువ్వు అనుమానపడితే నాకు దొరకదు" అంది.

ఆ మాట నాకు పట్టుకుంది. ఎమ్మిగనూరుకు తిరిగొచ్చిన రోజే పుస్తకంలో రాశాను. "అమ్మ దగ్గు తీసేసినందుకు స్తోత్రం. నన్ను ఆదోనికి చేర్చినందుకు స్తోత్రం." దాని తర్వాత ఒక పని చేశాను. దొరసానికి ఉత్తరం రాశాను. మా అమ్మ ఒంటరిది, జబ్బుతో ఉంది, ఆదోని ఆడపిల్లల బడిలో ఒక టీచరు పెళ్ళి చేసుకుని మానేస్తోందని విన్నాను, ఆ చోటు నాకు ఇప్పించండి అని. ఉత్తరంలో ఉన్నది నా మనవి, పుస్తకంలో ఉన్నది నా నమ్మకం. రెంటినీ ఒకే మనిషి చదువుతుందని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అప్పట్నుంచి ప్రతిరోజూ ఆ రెండు స్తోత్రాలు తప్పకుండా రాసేదాన్ని. మూడోదానికి మాత్రమే వెతుక్కునేదాన్ని.

సెప్టెంబరు నెలాఖరులో దొరసాని జీపులో వచ్చింది. పిల్లల చేత పద్యాలు చెప్పించుకుంది, పుస్తకం అడిగింది. కిటికీ దగ్గర నిలబడి ఒక్కో పుట తిప్పుతూ చదివింది. తేళ్ళ దగ్గర నవ్వింది. తర్వాత ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ తల్లిని గూర్చి నేను బహుగా ఆనందించుచున్నాను. దేవుడు మంచివాడు" అంది.

ఆమె కూడా మాతోపాటు నమ్ముతోందనుకున్నాను. అంత పెద్ద మనిషి, తెల్లదొరసాని, మా అమ్మ చేసినట్టే ముందే స్తోత్రం చెబుతోందని పొంగిపోయాను. ఉత్తరం సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే అనుమానపడినట్టు అవుతుందని నోరు మూసుకున్నాను. ఆమె జీపు దుమ్ములో కలిసిపోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఎమ్మిగనూరుకు వచ్చాక నేను హాయిగా నిద్రపోయింది ఆ ఒక్క రోజే.

క్రిస్మస్‌కు రెండు వారాల ముందు జవాబు వచ్చింది. ఆదోని చోటు ఇంకొక టీచరుకు ఇచ్చారట, ఆమె తండ్రి మంచం పట్టాడట. నీ తల్లి స్వస్థత పొందినదని నీ పుస్తకమందు చూచితిని, నీవు ఆదోనికి వెళ్ళి ఆమెను చూచుకొనుచున్నావనియు చూచితిని, ఉన్న చోటనే సంతృప్తిగా నున్న నీవంటి పరిచారకురాలిని కదిలించుట సరికాదని తలంచితిమి. ఇట్లా ఉంది ఆ ఉత్తరం. అడుగున, నీ పుస్తకమును గూర్చి తక్కిన ఉపాధ్యాయినులకు చెప్పితిని అని కూడా ఉంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క మాట అడగొచ్చు కదా? మీ అమ్మకు నిజంగా తగ్గిందా అని? మా మధ్య ఇన్నేళ్ళుండి మా ఆడవాళ్ళ ప్రార్థన ఎట్లా ఉంటుందో తెలియదా? పుస్తకాన్ని గోడకేసి కొట్టాను.

ఆ రోజే కూర్చుని నిజం రాసి పంపాల్సింది. రాయలేదు. ఎందుకు రాయలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. అమ్మకు తగ్గలేదని రాస్తే, ఇన్నాళ్ళూ దేవుడి పేరుతో అబద్ధాలు రాశానని దొరసాని అనుకుంటుంది. అది ఒక సిగ్గు. దానికంటే పెద్దది భయం. తగ్గలేదు అని నా చేత్తో రాస్తే అమ్మకు ఇక తగ్గదేమోనని. నా అనుమానమే అమ్మ ప్రాణం మీదికి తెస్తుందేమోనని. ఇదంతా ఒకరితో చెప్పుకుని ఉంటే అరగంటలో తేలిపోయేది. చెప్పుకోవడానికి మనిషి లేదు. పద్నాలుగు రోజులు కాగితం ముందు పెట్టుకుని లేచిపోయాను. క్రిస్మస్ సెలవుల్లో కూడా వెళ్ళలేకపోయాను, ఆరాధనలన్నీ నా నెత్తినే పడ్డాయి. గుడిలో పిల్లల చేత పాటలు పాడించాను. అందరూ గుంపులుగా ఇళ్ళకు పోయారు. నేను తాళం వేసి గదికి వచ్చాను.

చివరికి ముసలమ్మే అడిగింది, ఏమైంది పంతులమ్మా, మొహం అట్ల పెట్టుకోని ఉండావు అని. మొత్తం చెప్పేశాను. ఆమె నములుతున్న వక్క ఉమ్మేసి నా వైపు తిరిగింది.

"దేవునికి నమ్మకం సెప్పల్ల. మనిషికి నిజం సెప్పల్ల. నువ్వు రెండూ ఒగే పుస్తకంలో రాస్తే ఆయమ్మ మాత్రం ఏం జేస్తాది?" అంది. "రాయమ్మా. రాస్తే దేవుడేం కోపం జేసుకోడు. ఆయనకు తెలీని దగ్గా అది?"

ఆ రోజే ఉత్తరం రాసి టపాలో వేశాను. మూడు రోజులకు, దానికి జవాబు రాకముందే, ముసలమ్మ అల్లుడు బండి ఇంటికి కూడా తోలకుండా నేరుగా బడి దగ్గర ఆపాడు. పిల్లల ముందే చెప్పాడు. "మీయమ్మ లెయ్యలేకుండా ఉండాది పంతులమ్మా. పోండి."

నేను పోయేసరికి అమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదట. జిన్నులు అప్పుడే మొదలయ్యాయి, గాలిలో నుసి ఉంది. అమ్మ చెయ్యి పట్టుకుంటే పుల్లలాగా ఉంది.

"వచ్చినావా పాపా? ఈడికి మార్చినారా?" అని అడిగింది.

అప్పుడైనా అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఆ ఒక్క అబద్ధానికి దేవుడు ఏమీ అనుకోడు. కానీ పుస్తకం సంగతి, దొరసాని ఉత్తరం సంగతి, నేను పద్నాలుగు రోజులు కూర్చున్న సంగతి అంతా ఏడుస్తూ చెప్పేశాను. అమ్మ విన్నది. నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయి, దగ్గులోంచి మళ్ళీ నవ్వు వచ్చింది.

"దేవునికి సెప్తే దొరసాని ఇనిందా!" అంది. తర్వాత నా తల నిమిరింది. "నీ తప్పు కాదులే. నేర్పిచ్చింది నేనే గదా. నువ్వొచ్చినావు, సాలు."

మాకు దొరికింది రెండు రోజులు. అమ్మకు జొన్న గంజి తాగించాను, తల దువ్వాను. ఇన్నాళ్ళ మూగతనమంతా తీరేలా వాగాను, అమ్మ ఊఁ కొట్టింది. మూడో రోజు మధ్యాహ్నం, జిన్ను కూత కూసి ఆడవాళ్ళు అన్నాలకు వస్తున్న వేళ అమ్మ పోయింది.

దొరసాని సమాధి దాకా వచ్చింది. ఊళ్ళు తిరిగొచ్చాక నా ఉత్తరం ఆమెకు అందిన రోజు, అమ్మ పోయిన రోజు ఒకటే. అందరూ వెళ్ళిపోయాక నా దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయింది. ఆ పెద్ద పెద్ద మాటలేవీ ఆమెకు దొరకలేదు. "నేను అడగలేదు. అడగాల్సింది" అని మామూలు తెలుగులో అంది. ఆమె మీద ఎంత కోపం దాచుకున్నానో, అది ఎక్కడికి పోయిందో తెలియదు. ఇద్దరం ఏడ్చాం.

పుస్తకం మూసేశాను. ఎమ్మిగనూరు తిరిగి వెళ్ళి వేసవి దాకా పాఠాలు చెప్పాను. పేట ఆడవాళ్ళు మొదటిసారి నా గదిలోకి వచ్చి నేల మీద కూర్చున్నారు, కానీ అప్పటికి నాకు మాట్లాడాలనే లేదు. జూన్‌లో నన్ను ఆదోని ఆడపిల్లల బడికి మార్చారు. నేను అడగలేదు.

సామాను దించుకుని ఇంటి తాళం తీశాను. జిన్నుల సీజను అయిపోయింది. వీధంతా చప్పుడు లేదు. పక్కింటామె వచ్చింది. అమ్మతోపాటు జిన్నులో పనిచేసినామె. చేతిలో మూత కట్టిన చిన్న కుండ ఉంది. అమ్మది. అది నాకు తెలుసు. మా ఇళ్ళలో వంట చేసే ప్రతిపూటా, తినే మనిషికి ఒకటి చొప్పున పిడికెడు గింజలు తీసి దేవుడికి వేరే కుండలో వేస్తారు. నెలకోసారి గుడికి ఇస్తారు. తినేది ఒక్కరైతే ఒక్క పిడికెడే.

"దేవుని గింజలు గదా, నేను ముట్టుకోలేదు. నువ్వే గుడికియ్యి. పురుగు పట్టినాయేమో" అందామె. కుండ నా చేతికిచ్చి చెప్పింది. "మీయమ్మ శ్రావణం కాడ్నుంచి రెండు పిడికిళ్ళు ఏసేది. ఇంట్లో ఉండేది ఒగదానివే గదా, తినేదాంట్లో తగ్గించుకోని రెండెందుకే అని నేను తిడితే, నా బిడ్డ వచ్చేసింది, ఇద్దరం తింటాండాము అనేది."

ఆమె వెళ్ళిపోయాక కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది, ఇల్లు ఎందుకు అంత నిశ్శబ్దంగా ఉందో. నాకు తెలిసినంతకాలం ఆ గదిలో దగ్గు వినబడని రోజు లేదు.

ట్రంకు పెట్టె అడుగు నుంచి నీలం పుస్తకం తీశాను. ఆ రోజు తేదీ వేసి రాశాను.

"నాకు అమ్మ ఉండేది. స్తోత్రం."

రోజుకు మూడు రాయాలి. మిగతా రెండు గీతలూ ఖాళీగా వదిలేశాను. ఆ రెండూ ముందే రాసి ఉన్నాయి.